ఎర్రదీపం పుస్తకం

నా చిన్నప్పుడు, చింతామణిలో అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు కనబడుతున్న రోజుల్లో, మా తాతయ్యకు పాత పుస్తకాల పిచ్చి ఉండేది. పిచ్చి అంటే అంతా ఇంతా కాదు. పెళ్లింటికి పోయినా పలకరింపులు కాకముందే అటక మీదికి చూసేవాడు. అందులోనూ మద్రాసులో ఎప్పుడో మూతపడిన ఒక ప్రచురణాలయం పుస్తకాలంటే ప్రాణం. వాళ్లు ఎన్నిసార్లు అచ్చువేసినా లోపల 'మొదటి ముద్రణ' అనే ఉంచేసేవారట. అసలైన మొదటిదాన్ని పట్టుకోవాలంటే పేరు వేసిన పేజీలో దీపం బొమ్మ చూడాలి. మొదటిసారి మాత్రమే దాన్ని ఎర్రసిరాతో వేసేవారు. ఎరుపు కోసం కాగితాన్ని మళ్లీ మిషనుకెక్కించాలి కాబట్టి, తర్వాత ఆ శ్రమ పడలేక నల్లదీపంతో సరిపెట్టేవారు. ఈ కిటుకు నేర్పి తాతయ్య నన్నొక చిన్న పండితుణ్ణి చేసిపెట్టాడు.

ఒకసారి కెంచార్లహళ్ళిలో ఉన్న మా నాయనమ్మ చెల్లెలి ఇంటికి పోయాము. భర్త పోయాక ఆ అవ్వ ఒక్కతే పట్టుపురుగులు పెంచుకుంటూ బతికేది. గూట్లో ఒక నీతికథల పుస్తకం కనబడితే ఊరికే తెరిచాను. ఎర్రదీపం. ఉబ్బితబ్బిబ్బై తాతయ్య చెవిలో ఊదాను. ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కి, "గమ్మునుండు" అన్నాడు. పై వారం మా ఇంట్లో ఉన్న అదే పుస్తకం నల్లదీపం ప్రతిని సంచిలో పెట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని మళ్లీ పోయాడు.

"నీ పుస్తకం చినిగిపోతాండాది అమ్మా. ఇది గట్టిగా ఉండాది, ఇది పెట్టుకో. దాన్ని నేను ఎత్తుకొని పోతా" అన్నాడు.

అవ్వ మురిసిపోయింది. "మా పిల్లోళ్లంతా దాంట్లోనే అక్షరాలు నేర్చినారు బావా. గుర్తు పెట్టుకొని ఇంత దూరం తెచ్చినావే" అంటూ మా సంచి నిండా వేరుశనక్కాయలు పోసింది. వద్దన్నా వినలేదు.

తిరుగు బస్సులో తాతయ్య దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. అమ్మ ఆ కాయలు ఉడకబెడితే ఒక్కటీ ముట్టలేదు. నేను రెండు ఒలిచి పక్కన పెట్టేశాను. కనిపెట్టింది నేనే కదా. దీపాల తేడా ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఆమెకే తెలియదు. పుస్తకం మళ్లీ తెరిస్తే మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు ఉంది. పిల్లల చదువు బాగుండాలని ఆ ఇంట్లో పెట్టుకున్న పసుపు అది. మరునాడే తాతయ్య నన్ను బడి మాన్పించి బస్సెక్కించాడు.

అవ్వ మల్బరీ ఆకు కోస్తూ ఉంది. తాతయ్య పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టి, ఎర్రదీపం సంగతి మొత్తం చెప్పాడు. "ఇట్లాంటిది ఇంక యాడా దొరకదు అమ్మా. తెలిసే నీకు చెప్పకుండా ఎత్తుకొని పోతిని" అన్నాడు. ఊళ్లో పంచాయతీలు తీర్చే మనిషి అలా తల దించుకుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆమె ఆ దీపం బొమ్మను కాసేపు చూసింది. "దీనికింత చేయాల్నా బావా? నోరు తెరిచి అడిగింటే ఆ పొద్దే ఇచ్చేసేదాన్ని" అంది. తీసుకుపొమ్మని ఎంత బలవంతం చేసినా తాతయ్య తీసుకోలేదు. రెండు పుస్తకాలూ అక్కడే వదిలి వచ్చాము.

ఆయన పోయాక ఆ పిచ్చి నాకు అంటుకుంది. ఎవరింట్లోనైనా పాత పుస్తకం తెరిస్తే, దాని విలువేమిటో ముందు ఆ ఇంటివాళ్లకే చెప్తాను. ఎంత నిజాయితీపరుడివయ్యా అంటారు. నాకు సిగ్గేస్తుంది. ఆ రోజు అవ్వ ఒక్క మాట తిట్టి ఉంటే నేను దాన్ని ఎప్పుడో మరిచిపోయేవాణ్ణేమో.