పడమటి వరండాలో నా ఉపన్యాసం

మీ జేబులో ఎప్పుడూ ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంటుందా? ఉంటే మీరిది చదివి తీరాలి. అలాంటిదే ఒకటి నా పరువును బందరు సముద్రంలో కలిపింది.

అప్పుడు నాకు పాతికేళ్లు. బందరులో బడిపంతుల్ని, హేతువాదిని. ఎదుటివాడు "నమస్కారం" అన్నా "రుజువేమిటి?" అని అడిగే రకం. ఊళ్లోని డాక్టర్లు, నర్సులు, టీచర్లు కలిసి పెట్టుకున్న సంఘంలో సభ్యుణ్ణి కూడా. ఆ సంఘానికి ఒక అర్జీ వచ్చింది. రిటైరైన పాటల టీచరు సుగుణమ్మగారు ఆసుపత్రి వరండాలో హార్మోనియం పెట్టుకుని, దిగులుతో మంచం పట్టినవాళ్లచేత పాడిస్తున్నారు, గుడ్డల మీద కలంకారీ అచ్చులు వేయిస్తున్నారు. సంఘం ఆవిడ వెనక నిలబడితే వరండా ఆవిడకు ఉంటుంది. లేకపోతే విరిగిన మంచాల పాలవుతుంది.

అర్జీ మీద పెట్టిన సమావేశానికి ఆవిడా వచ్చారు. నేను లేచాను. "పాటకే రోగం తగ్గితే మందుల షాపుల్లో హార్మోనియాలు అమ్మొచ్చు కదండీ!"

"ఒకసారి వచ్చి చూడండి బాబూ," అన్నారావిడ.

"చూడటమెందుకండీ, పరీక్షే పెడదాం. సగంమందికి మీ పాట, సగంమందికి నా ఉపన్యాసం. ఎవరికి గుణం కనిపిస్తుందో తేలిపోతుంది."

అధ్యక్షులు డాక్టరు సుందరంగారు కళ్లజోడు తీశారు. "ఉపన్యాసమా? రోగులకా? నీకు జాలి లేదటయ్యా?"

అయినా సంఘం ఒప్పుకుంది. రోగుల పేర్లతో చీటీలు నేనే వేశాను. పెడన నేతగాడు వీరాస్వామి నా వాటాకొచ్చాడు. మగ్గంతో సహా ఇల్లు కాలిపోయిన రోజు నుంచి, మూడు నెలలుగా, అతను నోరు విప్పలేదు. గొంతులో లోపమేమీ లేదని డాక్టర్లు తేల్చారు.

"ఆయన్నొక్కణ్ణి నాకు వదిలెయ్యండి బాబూ. ఈమధ్యే పాటకు వేళ్లు కదుపుతున్నాడు," అని సుగుణమ్మగారు బతిమాలారు.

"సైన్సుకు మొహమాటాల్లేవండీ!"

రోట్లో తల పెట్టింది నేనే. రోకలి కూడా ఇంటినుంచి నేనే తెచ్చుకున్నాను.

తూర్పు వరండాలో హార్మోనియం మొదలైంది. పడమటి వరండాలో నేను, గుడివాడ స్టేషనులో ఇంజను ఆవిరి వదిలినట్టు, మూఢనమ్మకాల మీద విరుచుకుపడ్డాను. పావుగంటకు నలుగురు గురక పెట్టారు. అరగంటకు నర్సమ్మ కూడా. అటునుంచి పాట వినబడ్డకొద్దీ నేను గొంతు పెంచాను.

ఉన్నట్టుండి వీరాస్వామి లేచి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి.

"బాబూ..."

నేను ఎగిరి గంతేశాను. "డాక్టరుగారూ, రండి! హేతువాదం మూగవాణ్ణి మాట్లాడించింది!"

సుందరంగారు పరిగెత్తుకొచ్చారు.

"చెప్పు పెద్దాయనా, అందరూ వినేట్టు చెప్పు!"

వీరాస్వామి చేతులు జోడించాడు. "తమరు కాసేపు ఆపండి బాబూ. అమ్మగారి పాట వినపడట్లేదు."

ఉపన్యాసం కాగితాలు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"రుజువు చాలా? ఇంకా కావాలా?" అన్నారు సుందరంగారు.

సాయంత్రం సంఘం తీర్మానించింది: వరండా సుగుణమ్మగారిదే. మొదటి సంతకం నాది. దాని కింద సుందరంగారు ఒక వాక్యం చేర్చారు: "నిద్రపట్టని రోగులున్నచో ఈ పంతులుగారిని పిలువవలెను."

దేవుడి మీద ఒట్టు వేసే అలవాటు లేదు కనుక, ఆ హార్మోనియం మీద ఒట్టు వేశాను: రుజువు అడగడం మానను గానీ, వినకుండా ఇంకెన్నడూ ఖండించను.

మీరూ ఊరికే నవ్వి ఊరుకోకండి. మీ ఊరి ఆసుపత్రిలో ఖాళీ వరండా ఉందేమో రేపే వెళ్లి చూడండి. పాడించగల మనిషిని వెతకండి, మీ సంఘంచేత అర్జీ పెట్టించండి. జేబులో ఉపన్యాసం మాత్రం గేటు బయటే పారేసి మరీ లోపలికి వెళ్లండి.