ద్రాక్షరసం తాగిన కీబోర్డుతో పీణ్య దాకా

కీబోర్డును పాత దుప్పటిలో చుట్టుకుని, శనివారం పొద్దున ఏడున్నరకు మారతహళ్ళి స్టాపులో నిలబడ్డాం, నేనూ మా చర్చి పెద్ద దావీదు తాతా. కిందటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే ద్రాక్షరసం గ్లాసుల ట్రే తాత చేతుల్లోంచి జారి, నేను వాయిస్తున్న కీబోర్డు మీద ఒలికింది. చక్కెర వేసి కాచిన రసం కదా, ఎండబెట్టినా నొక్కిన మెట్టు నొక్కినట్టే అంటుకుపోయేది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ తాత, "ఇది బాగుపడకుంటే నేనింక ట్రే ముట్టనమ్మా," అన్నాక ఆ కోపం నిలవలేదు. చేతుల వణుకు ఈమధ్య వచ్చింది గానీ, పెళ్ళికాని రోజుల నుంచీ ఆ ట్రే ఆయనదే.

బస్సులో ఆడదాన్ని కాబట్టి నాకు ఉచితం, తాతకు టికెట్టు, కీబోర్డుకు లగేజీ టికెట్టు.

"ఏముండాదమ్మా అందులో?" అంది పక్క సీటావిడ.

"చర్చి కీబోర్డండీ. ద్రాక్షరసం తాగింది."

"అయితే పడుకోబెట్టమ్మా," అని కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది.

హెబ్బాళలో బస్సు మారి పీణ్య చేరేసరికి పది దాటింది. ఇడ్లీ తిన్నాం. కాఫీ మాత్రం తాత వద్దన్నాడు, నలుగురిలో గ్లాసు పట్టుకోవాలి కదా.

లేత్ షాపుల మధ్య చిన్న గది, కీబోర్డులు బాగుచేసే మునియప్పది. "నీళ్ళయితే ఎండిపోతాయి, చక్కెర ఎండితే బంకే," అంటూ మెట్ల కింది రబ్బరు పట్టీలు సబ్బు నీళ్ళలో కడిగాడు, బోర్డును స్పిరిట్‌తో తుడిచాడు. అవి ఆరేలోగా మేం భోంచేసి వచ్చాం. మూడింటికి అన్నీ బిగించి, "ఒక్కొక్క మెట్టూ నొక్కు తాతా," అన్నాడు.

"నా చెయ్యి వణుకుతా ఉండాదప్పా."

"వణకనీ. అంటుకున్న మెట్టు ఒక్కసారి పలికి ఊరుకుంటాది. బాగుండేదైతే నువ్వు వణికినన్ని సార్లూ పలకాల. అది చూసేదానికి నా చెయ్యి పనికిరాదు."

తాత వేలు పెట్టాడు. ఒకే స్వరం గబగబా నాలుగైదుసార్లు మోగింది. ఎడమ నుంచి కుడికి ఒక్క మెట్టూ వదలకుండా వెళ్ళాడు. చిట్టచివరిది మాత్రం మూగగానే ఉండిపోయింది. దాన్ని నేనెప్పుడూ వాయించింది లేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పీణ్యకు వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నానికే తిరుగుముఖం పట్టండి, సాయంత్రం హెబ్బాళ ట్రాఫిక్కు ప్రాణం తీస్తుంది. ఆ రోజు మాత్రం నాకు విసుగనిపించలేదు. తాత దారి పొడవునా తన చేతులే చూసుకుంటూ కూర్చున్నాడు. మారతహళ్ళి దగ్గరపడుతుంటే మెల్లగా అడిగాడు:

"వచ్చే ప్రభువు బల్లకు గ్లాసులు సగమే పోసిస్తావామ్మా?"