తల్లివేరు దాకా

తండ్రి డ్యూటీలో చనిపోయినప్పుడు రైల్వే ఉద్యోగం పెద్దకొడుకు పైడయ్యకు రావాలి. అమ్మ పింఛను కాగితమని చెప్పి తమ్ముడు ఆదినారాయణ అతని చేత వేలిముద్ర వేయించుకుని, ఆ ఉద్యోగం తాను తీసుకున్నాడు. అప్పట్నుంచీ పైడయ్య ఊరి చివర ఉస్లాపూర్ వైపు కొత్త ఇళ్ళ ప్లాట్లలో చెట్ల మొద్దులు తవ్వి తీస్తున్నాడు. సాయంత్రం మొద్దు చుట్టూ నీళ్ళు పోసి నేలను నాననిస్తాడు. పొద్దున్నే మంచులో పక్కవేళ్ళు ఒక్కొక్కటే గొడ్డలితో తెంచి, ప్రతిదాన్నీ వాసన చూసి పక్కన పెడుతూ నడుము లోతు గోతిలోకి దిగుతాడు. తల్లివేరు బయటపడ్డాక మాత్రం దానికి వీపు ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంటాడు. కట్నీ వెళ్ళే రైలుబండి పోతుంటే ఆ అదురు నేలలోంచి వేరు వెంట వెన్నులోకి వస్తుందట. చిన్నప్పుడు పట్టాల పక్క రైల్వే క్వార్టర్లో నాన్న పక్కన పడుకున్నట్టే ఉంటుందట.

ఒక చలికాలం ఆదినారాయణ తన ఇంటి స్థలంలో ఇప్పచెట్టు మొద్దు తీయడానికి అతన్నే పిలిచాడు. నాలుగో రోజు వచ్చి, స్కూటర్ దిగకుండానే అడిగాడు: "ఏటన్నయ్యా, ఇంకా అవలేదేటి? పైపైన కోసీసి మట్టి కప్పీ. ఎవడు చూస్తాడు?" పైడయ్య మాత్రం ఇంకో రెండు రోజులు తవ్వి తల్లివేరును కొసదాకా తీశాడు. చివరిసారి తోర్వాలో టీకొట్టు దగ్గర నాకు కలిసినప్పుడు, అలాంటి తమ్ముడి కోసం అంత లోతు ఎందుకు తవ్వావని అడిగాను. టీ ఊదుకుంటూ అన్నాడు: "వేరు ఒగ్గేత్తే చెద పడతాది బాబూ. ఆడు ఆ ఇంటికి నాన్న పేరెడతన్నాడు."