గ్వెల్ఫ్ బేకరీలో జర్మన్ దిద్దుబాటు

కెనడాలోని గ్వెల్ఫ్ ఊళ్ళో ముసలి దంపతులిద్దరు తమ బేకరీ మూసేస్తున్నారు. ఆ చోటు లీజుకు దొరికితే మిఠాయి కొట్టు పెట్టాలని నా ఆశ. దొరక్కపోతే మళ్ళీ వేర్‌హౌస్ ఉద్యోగమే.

వాళ్ళది ఇటలీ కొండల్లో, ఆస్ట్రియా సరిహద్దున ఒక లోయ. పాస్‌పోర్టు ఇటలీది, ఇంట్లో మాట జర్మన్ యాస. అద్దె ప్రస్తావన రాగానే ఇద్దరూ నా ముందే ఆ యాసలోకి దిగిపోయేవాళ్ళు. కుప్పంలో మా నాన్న కొట్లోనూ అంతే. కన్నడిగులొస్తే తమిళంలో, తమిళులొస్తే కన్నడంలో అసలు ధర చెప్పుకునేవాళ్ళం. ఆ విద్య నా మీదే ప్రయోగిస్తే ఊరుకుంటానా? గూఢచారిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

గూఢచారి అంటే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొన్నేళ్ళు కోడింగ్ చేసి కెనడా చేరిన మిత్రుడు. జర్మన్ సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించిన ఘనుడు. నా తెలుగునూ దిద్దుతుంటాడు. నేను "ఉండాది" అన్నానంటే చాలు, పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెడతాడు.

ముసలామె భర్తతో ఏదో అంది. నేను మావాణ్ణి గిల్లాను.

"ఏమంటా ఉండాదబ్బా?"

"అర్థమైతేగా అన్నా! అసలు జర్మనేనా ఇది? అన్నీ మిస్టేక్సే."

అక్కడితో ఆగితే వాడు వాడెందుకవుతాడు? ముసలాయన వైపు తిరిగి, ఆ మాట అలా కాదు, ఇలా అనాలంటూ టీవీ వార్తల జర్మన్‌లో పాఠం మొదలుపెట్టాడు.

ముసలాయన చేతుల పిండి దులుపుకుని ఇంగ్లీషులో అన్నాడు: "మా అమ్మను బళ్ళో ఇటలీ టీచర్లు దిద్దారు. నన్ను జర్మనీ టూరిస్టులు దిద్దారు. ఇక నువ్వొకడివి తక్కువయ్యావు. కొట్టు ఇవ్వను, వెళ్ళండి."

వాణ్ణి కారులోకి తోలి ఒక్కణ్ణే తిరిగొచ్చాను.

"సార్, వాడు నా మాటనూ ఇట్లాగే దిద్దుతాడు. తెలిసే తెచ్చుకున్నాను, మీ గుట్టు వినడానికి," అన్నాను. నిజాయితీ అనుకునేరు, చేతిలో వేరే సరుకు లేదంతే.

ముసలామె ఫక్కున నవ్వి, భర్త చెవిలో ఏదో గొణిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ కౌంటర్ వెనక పెరిగినవాడికి ఆ గొణుగుడు తెలియకపోతుందా? ఇచ్చెయ్, ఒక్క డాలరూ తగ్గించకు.

అలాగే జరిగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బేరమాడకుండా సంతకం పెట్టాను.

కారులో కూర్చున్న పండితుడు అడిగాడు: "చూశావా అన్నా, నా జర్మన్ వర్కవుట్ అయింది కదా?"

"బ్రహ్మాండంగా," అన్నాను. దీపావళికి వాళ్ళ ఆఫీసు స్వీట్ల ఆర్డరు నాకు కావాలి మరి.