నడుంనొప్పి వేయించిన రోడ్డు

ఆ రోజుల్లో మా భిలాయిలో జబ్బులు కూడా సినిమాలను చూసుకునే వచ్చేవి. సుపేలా బజారు హాల్లో ఎప్పుడో ఒక ఆదివారం పొద్దున్న తెలుగు సినిమా ఆడేది. ఉక్కు ప్లాంటుకు ఆదివారం లేదు కాబట్టి, ఆ పూట డ్యూటీ పడ్డవాళ్ళకు కడుపునొప్పే దిక్కు. సోమవారం మా సెక్టారు ఆస్పత్రిలో చీటీ రాయించుకుంటే సెలవు దొరికేది. క్రేను నడిపే మా మావయ్య (ఈ నొప్పి కనిపెట్టింది ఆయనే) "జొరమంటే తర్మామీటరెడతారు. కడుపులోకి ఎవడు తొంగి సూస్తాడ్రా?" అనేవాడు. నేనప్పుడు ఆ ఆస్పత్రిలోనే కొత్త టైపిస్టుని.

ఇంతలో కొత్త డాక్టరుగారు వచ్చారు. సినిమాలు చూడరు, మనుషుల్ని మాత్రం నమ్ముతారు. పాత చీటీలన్నీ ముందేసుకుని, ఈ నొప్పులు గుంపులుగా వస్తున్నాయని కనిపెట్టి మురిసిపోయారు. వచ్చిన ప్రతివాణ్ణీ "నిన్న ఏం తిన్నావు?" అని అడిగారు. అందరిదీ ఒకటే మాట, "బజ్జీలండి." తినరూ మరి! హాలు ఎదుట మా బాబాయి బండి మీద మిరపకాయ బజ్జీ తినకుండా ఇంటర్వెల్ అయ్యేదా? పాపం, డాక్టరుగారి లెక్కలో తప్పు లేదు, మావాళ్ళు చెప్పిన నొప్పిలోనే ఉంది. ఆ బండి తీయించమని ఆయన చెబుతుంటే ఉత్తరం నేనే కొట్టాను.

సాయంత్రం సంగతి చెబితే బాబాయి మూకుడు పొయ్యి మీదే వదిలేసి కూలబడిపోయాడు. "నానేటి సేసేన్రా? రోజూ కొత్త నూనే కదరా! బండి తీసేత్తే పిల్లల్నేటెట్టి పెంచాల?" ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. తిన్నగా వెళ్ళి మావయ్యను దులిపేశాను. ఆయన బీడీ ఆర్పి, "నిజం సెప్తే మా సెలవులు పోతాయి, సెప్పకపోతే ఆడి బండి పోద్ది," అని లెక్కగట్టి, "డాక్టరుగార్ని ఇంకొక్క సినిమా ఆపరా" అన్నాడు. నేను "ఇంకో నెల చూసి సంతకం పెట్టండి సార్" అని బతిమాలితే డాక్టరుగారు ఒప్పుకున్నారు.

తర్వాతి సినిమా మర్నాడు మావయ్యతో సహా అందరూ నడుం పట్టుకుని వచ్చారు. "బజ్జీలు తిన్నారా?" "తిన్నామండి, కడుపు సుబ్బరంగా ఉంది." డాక్టరుగారు ఉత్తరం చింపేశారు. కానీ ఊరుకునే మనిషా? "డ్యూటీకి ఎలా వెళ్తారు?" "సైకిలండి, మరోదా బస్తీ నుంచి. దారంతా గతుకులేనండి." ఆ ఉత్తరమూ నేనే కొట్టాను. వానలు వెలిశాక మరోదా గతుకుల రోడ్డు నున్నగా తయారైంది. మావాళ్ళు సినిమాకు ఇంకా తొందరగా చేరుకునేవారు.

ఇప్పుడు మావయ్యా లేడు, ఆ బండీ లేదు. మొన్న నాకు నిజంగానే నడుం పట్టేసింది. డాక్టరమ్మ కంప్యూటరు ముందు కూర్చుని "ఎలా వచ్చిందండీ?" అంది. "సైకిలమ్మా" అన్నాను, నోటికొచ్చిన అలవాటుగా. నేను సైకిలెక్కి ఎన్నేళ్ళయిందో! ఆవిడ మాత్రం శ్రద్ధగా అదే టైపు కొట్టుకుంది. మావయ్య ఉంటే ఎంత నవ్వేవాడో అనుకుంటూ, నడుం పట్టుకుని నేనొక్కణ్ణే నవ్వుకున్నాను.