చీటీ వెనక రాసినది

ఆఫీసులో ఆమెను అందరూ చీటీలక్క అంటారు. ఇంగ్లిషు నుడికారాలకు తెలుగు నిఘంటువు తయారవుతున్న ఆ మూడు గదుల ఆఫీసులో ఆమె పని చీటీలు రాయడం. అరచేతిలో పట్టేంత చీటీ మీద పైన నుడికారం, కింద దానికి సరిపోయే మాటలు, వ్యతిరేకార్థమిచ్చే ఎదురు మాటలు, వాటికి ఉదాహరణలు. ఉదాహరణ కల్పించకూడదు, నిజంగా జరిగినదై ఉండాలి. ఎక్కడ, ఎవరు, ఎప్పుడు అన్నది చీటీ వెనక రాయాలి. సంపాదకుడు పెట్టిన నియమం అది. సొంతంగా అల్లిన వాక్యానికి దొంగ వివరాలు రాసిన ఒకాయన ఆ సాయంత్రమే సంచీ సర్దుకుని వెళ్ళిపోవలసి వచ్చింది.

పదకొండేళ్ళలో చీటీలక్క ఒక్క చీటీకి కూడా వెనకవైపు ఖాళీ వదల్లేదు. బస్సులో పోట్లాట జరుగుతుంటే దిగాల్సిన చోటు దాటిపోయేది. ఇంట్లో భర్త కోపంగా ఏదో అనబోయి, "వద్దులే, నన్ను కూడా పుస్తకానికి ఎక్కిస్తావు" అని నోరు మూసుకునేవాడు. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేశాడు. ఇల్లు ఇప్పుడు ఆమె జీతం మీదే నడుస్తోంది. మొదటి సంపుటం పని ముగింపుకొచ్చింది. రెండో సంపుటానికి ఎవరిని ఉంచుకోవాలో శనివారం సంపాదకుడు తేలుస్తాడు.

బుధవారం మధ్యాహ్నం క్యారియరు కోసం సొరుగు లాగి చూసేసరికి ఆమె గుండె జారిపోయింది.

"అవుట్ ఆఫ్ లైన్" చీటీని ఆమె రెండుసార్లు రాసింది. మొదటిది సోమవారం ఒళ్ళు మండి రాసింది. ఆ రోజు ప్రూఫుల గదిలో సంపాదకుడు ముసలి ప్రూఫ్ రీడరు మీద అరిచాడు. "హద్దు మీరడం, అతి చేయడం, నోరు పారేసుకోవడం" అని రాసి, కింద ఉదాహరణ పెట్టింది: తనకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి పదిమందిలో 'కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చో' అనడం హద్దు మీరడమే. అలవాటు కొద్దీ తిప్పి, వెనక కూడా నింపేసింది: ప్రూఫుల గది, సంపాదకులు, సోమవారం, ఉదయం పదకొండు. కడుపుమంట చల్లారాక, బస్సు గొడవ ఒకటి పెట్టి రెండో చీటీ రాసింది. మొదటిది చింపేద్దామనుకుంది.

సొరుగులో ఉన్నది రెండోది. మొదటిది పొద్దున సంపాదకుడి బల్ల మీదికి పంపిన చీటీల కట్టలో కలిసిపోయింది.

"కొంప మునిగింది" అంది పక్కనున్న టైపిస్టుతో.

టైపిస్టు కథంతా విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్కా, వెనక సంపాదకులని కూడా రాశావా? సంతకం ఒక్కటే తక్కువ!"

"నవ్వకే తల్లీ. కట్ట ఇంకా విప్పలేదేమో చూడు."

సంపాదకుడి గది తలుపు అద్దంలోంచి చూస్తే కట్టకు రబ్బరు బ్యాండు అలాగే ఉంది. చీటీలక్క ధైర్యం కూడగట్టుకుని లోపలికి వెళ్ళింది.

"ఒక చీటీలో తప్పు దొర్లిందండి. తీసుకుని దిద్ది ఇస్తాను."

సంపాదకుడు తలెత్తలేదు. "తప్పులు పట్టడానికేగా నేనున్నది? ఉంచండి."

అప్పటినుంచి ఆమె చెవులు చెక్క గోడకే అతుక్కుపోయాయి. పనికిరాని చీటీని ఆయన నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేస్తాడు. పర్రుమన్న ప్రతిసారీ ఆమె రాస్తున్న పెన్ను ఆపేసేది. అదేనా? చించేస్తే చించేశాడు, పీడా పోతుంది. కాని చదివే కదా చించేది! క్యారియరు మూత తెరవనే లేదు.

నాలుగింటికి పిలుపు వచ్చింది.

బల్ల మీద ఒకే ఒక్క చీటీ ఉంది, వెనకవైపు పైకి కనపడేలా.

"మీ రాతేనా?"

"అవునండి."

"ఏదో కోపంలో కల్పించి రాశారా?"

అవునంటే చీటీ బుట్టలోకి పోతుంది, ఆయన పరువు దక్కుతుంది. కాని సంచీ సర్దుకుని వెళ్ళినాయన కళ్ళ ముందు మెదిలాడు. కాదంటే 'మీరు హద్దు మీరారు' అని మొహం మీదే అన్నట్టు. ఎటు చూసినా శనివారమే కనపడింది.

"కల్పించలేదండి" అంది. "నేను అక్కడే ఉన్నాను. దిద్దాల్సిన గాలీ ప్రూఫులు పట్టుకుని."

సంపాదకుడు చీటీని దగ్గరికి లాక్కున్నాడు. ఎర్ర పెన్ను తీసి, ముందువైపు తిప్పి, ఒక మాట కొట్టేశాడు.

"పదేళ్ళు కాదు. ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద." దిద్ది, కింద పొడి అక్షరాలు పెట్టి, అచ్చుకు వెళ్ళే ట్రేలో వేశాడు. "'తగ్గి మాట్లాడడం' అని ఎదురు మాట రాసి, దానికి ఉదాహరణ ఖాళీగా వదిలేశారేం?"

"ఈ ఆఫీసులో... దొరకలేదండి."

నోరు జారాక నాలుక కరుచుకుంది. ఆయన ఎర్ర పెన్నుకు మూత పెట్టాడు.

"రెండో సంపుటానికి ఖాళీ చీటీలు కత్తిరించారా?"

"ఇంకా లేదండి."

"మీరు కాక ఇంకెవరు కత్తిరిస్తారు?" అంటూ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "ఒక తెల్ల చీటీ పట్టుకుని రండి."

ఆయన ప్రూఫుల గది వైపు నడిచాడు. చీటీలక్క వెనకే వెళ్ళింది, నడుస్తూనే చీటీ వెనక నింపుతూ. ప్రూఫుల గది. సంపాదకులు. బుధవారం, నాలుగుంపావు. అక్షరాలు వంకరపోయాయి. ముసలాయన వీళ్ళిద్దర్నీ చూసి, మళ్ళీ ఏం తప్పు పట్టారోనని కంగారుగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

సంపాదకుడు గొంతు సవరించుకున్నాడు. ఆమె చీటీని ముందువైపు తిప్పి పెన్ను ఆనించింది.