వేడెక్కితే ఆగిపోయే కారు

మా మేనత్త దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళంతా ఆమెను చాటుగా క్లచ్చమ్మ అనేవారు. పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు తొక్కమ్మా, క్లచ్చు" అని రోజంతా ఆమె అనే మాటే ఆమెకు పేరై కూర్చుంది. పొట్టి మనిషి. బిగించి చుట్టిన ముడి, చేతికి పెద్ద డయలున్న మగవాళ్ళ గడియారం. నేర్చుకునేవాళ్ళు ఎంత కంగారుపడితే ఆమె గొంతు అంత నెమ్మదించేది. ఒక పెద్దాయన బ్రేకు అనుకుని ఆక్సిలరేటరు తొక్కి కూరగాయల బండి మీదికి పోతుంటే, తన వైపున్న రెండో బ్రేకుతో కారాపి, "టమాటాలు కావాలంటే దిగి కొనుక్కోవచ్చండీ" అందట.

ఇప్పుడా వీధిలో ఆమె డ్రైవింగ్ స్కూలూ లేదు, మా నాన్న షెడ్డూ లేదు. రెండు చోట్లా మేడలు లేచాయి. అటు వెళ్ళినప్పుడు మాత్రం నా ముక్కుకి ఇంకా కాలిన ఆయిలు వాసనే తగులుతుంది.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది నేనూ అత్తయ్య దగ్గర నేర్చుకోవడానికి చేరాను. ఆ మాట ఇంట్లో చెప్తే నాన్న కంచంలోంచి తలెత్తలేదు. "మంచిదే" అన్నాడు, అంతే. వీధికి ఈ చివర నాన్న కార్ల షెడ్డు, ఆ చివర ఆమె స్కూలు. అయినా అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు.

ఎందుకో చుట్టాలందరికీ తెలుసు. షెడ్డు మా తాతయ్యది. ఇద్దరూ చిన్నప్పటి నుంచి అందులోనే పని నేర్చుకున్నారు. కార్బురేటరు విప్పి బిగించడంలో కొడుకు కన్నా కూతురి చెయ్యే చురుకని తాతయ్య మురిసిపోయేవాడట. ఆయన పోయాక నాన్న షెడ్డుకి కొత్త బోర్డు రాయించాడు. దాని మీద తాతయ్య పేరుంది, తన పేరుంది. ఆమె పేరు లేదు. అత్తయ్య రోడ్డు మీద నిలబడి బోర్డంతా చదివింది. లోపలికొచ్చి చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. నాన్నకి తను చేసిన పని తెలిసొచ్చేసరికే ఆమె స్కూలు పెట్టేసింది. వెళ్ళి పిలవడానికి ఈయనకి మొహం చెల్లలేదు. పిలవకుండా రావడానికి ఆమెకి మనసొప్పలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఇద్దరూ నాతో మాట్లాడేవారు, ఒకరికొకరు వినపడేలా.

నా క్లాసులు మొదలైన కొత్తలోనే ఆమె కారుకి జబ్బు చేసింది. మంచి వేగంలో పోతుండగా దీపం ఆర్పినట్టు ఇంజిను ఆగిపోయింది. దగ్గడం లేదు, కుదుపు లేదు.

"నేనేం చేశాను అత్తయ్యా?"

"నువ్వేం చెయ్యలేదు. స్టీరింగు బిగుసుకుంటుంది, గట్టిగా పట్టుకుని పక్కకి తియ్యి."

తాళం తిప్పితే ఇంజిను గిరగిర తిరిగేది కానీ అంటుకునేది కాదు. కాసేపు నీడన నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. వేరే వర్క్‌షాపులో పెట్రోలు పంపు మార్చారు. ఇంకోచోట కాయిల్ మార్చారు. కంప్యూటరు తగిలించి చూసి ఏ తప్పూ లేదన్నారు. ఇంటికొచ్చే దారిలో మళ్ళీ ఆగింది.

ఆమెని బాధపెట్టింది కారు కాదు. "నేర్చుకునేవాళ్ళు తమ వల్లే ఆగిందనుకుంటున్నారే" అంది ఒక పొద్దున. "నిన్న ఒకావిడ నడిరోడ్డు మీద ఏడ్చేసింది. వెనక హారన్లు. నీ తప్పు కాదమ్మా అంటే నమ్మదే. ఇక స్టీరింగు పట్టనని ఇంటికెళ్ళిపోయింది."

ఆ సంగతి నాన్నకి చెప్పాను. తినడం ఆపి నా వైపు తిరిగాడు.

"వేడెక్కాకే ఆగుతోందా?"

"అవును."

"ఆగాక తాళం తిప్పినప్పుడు ఇంజిను వేగం చూపించే ముల్లు కదులుతోందా, సున్నా మీదే ఉంటోందా? మీ అత్తయ్యని చూడమను."

మర్నాడు ఆమెకి చెప్పాను. "మీ నాన్న అడగమన్నాడా?" అంది. మళ్ళీ ఆగినప్పుడు మాత్రం ముల్లు వైపే చూసింది. అది సున్నా మీంచి లేవలేదు.

"అయితే క్రాంక్ సెన్సరే" అన్నాడు నాన్న ఆ సాయంత్రం. "లోపల చక్రం ఏ క్షణాన ఎక్కడుందో కంప్యూటరుకి చెప్పేది అదే. అది నోరు మూసుకుంటే నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలో దానికి తెలీదు. లోపలి తీగ చిట్లి ఉంటుంది. వేడికి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. వేడి మీదుండగా తెస్తేనే తేలుతుంది."

మర్నాడు క్లాసులో ఆ మాట అత్తయ్యకి చెప్పాను. ఆమె నన్ను పక్క సీట్లోకి జరగమని తనే స్టీరింగు పట్టింది. ఇంజిను బాగా కాగేదాకా ఊరంతా తిప్పి, తిన్నగా షెడ్డు వైపు మళ్ళించింది. గేటు దగ్గరికొచ్చేసరికి అది అలవాటు ప్రకారం ఆగింది.

నాన్న చేతిగుడ్డ భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఆమెని చూశాడు. కారు వెనక్కెళ్ళి దాన్ని లోపలికి తోశాడు. నేనూ ఒక చెయ్యి వేశాను.

బానెట్టు ఎత్తి, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే సందులోకి వేలు చూపించాడు. బొటనవేలంత నల్ల ముక్క. దాని మీద సీసాతో చన్నీళ్ళు కొద్దికొద్దిగా పోశాడు. ఆవిరి లేచింది.

"ఇప్పుడు తిప్పు" అన్నాడు. అన్నేళ్ళకి ఆమెతో ఆయనన్న మొదటి మాట అది.

ఒక్క తిప్పుకే అంటుకుంది. అత్తయ్య నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

నేను స్కూటరేసుకుని వెళ్ళి కొత్త సెన్సరు తెచ్చేలోగా ఇంజిను చల్లారింది. నాన్న చెయ్యి లోపల పెట్టి చూశాడు. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి, సందులో పట్టలేదు. రెండోసారి ప్రయత్నించి బయటికి తీసుకున్నాడు.

"జరుగన్నయ్యా" అంది అత్తయ్య. గడియారం విప్పి నా చేతిలో పెట్టింది. "పది నంబరు స్పానరివ్వు."

ఆయన ఇచ్చాడు. ఆమె కొంగు నడుముకి దోపుకుని, చెంప ఇంజినుకి ఆనించి, కళ్ళు మూసుకుని చేత్తోనే చూసుకుంటూ పని చేసింది. ముందు ప్లగ్గు మీది లాకు నొక్కి వైరు విడదీసింది. తర్వాత ఒకే ఒక్క బోల్టు. సెన్సరు మాత్రం బిగుసుకుపోయి రానంది.

"గుంజకు" అన్నాడు నాన్న.

"తెలుసులే. అటూ ఇటూ తిప్పుతున్నా."

నాన్న లైటు పట్టుకుని నిలబడ్డాడు. "బోర్డు మీద నీ పేరు కూడా ఉండాల్సింది" అన్నాడు.

లోపల తిప్పుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"ఉండాల్సింది" అంది ఆమె, తల తిప్పకుండా. "లైటు కాస్త కిందికి పట్టు. ఏమీ కనబడట్లేదు."

పాతది బయటికొచ్చింది. నాన్న ఆ కన్నం గుడ్డతో తుడిచి, కొత్తదాని రబ్బరు రింగుకి చిటికెడు ఆయిలు రాసిచ్చాడు. ఆమె దాన్ని కూర్చోబెట్టి బోల్టు బిగించింది. వైరు వేడి గొట్టానికి తగలకుండా ఆయన చెప్పకముందే పక్కకి కట్టేసింది.

ఆ తర్వాత ఆమె షెడ్డు పనికి తిరిగి రాలేదు. స్కూలే తన పని అంది. ఏడ్చి వెళ్ళిపోయినావిడ ఇంటికి మాత్రం పాత సెన్సరు పట్టుకుని వెళ్ళింది. "తప్పు చేసింది ఇదమ్మా" అని చూపించి, మర్నాడే మళ్ళీ స్టీరింగు పట్టించింది. సెలవు రోజుల్లో నాన్న ఆమె కారుకి ఆయిలు మార్చేవాడు, ఆమె స్టూలు వేసుకుని తప్పులు పట్టేది.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఆ సాయంత్రమే. కారు ఆగుతుందో లేదో చూడాలిగా. నన్ను నడపమన్నారు. అత్తయ్య పక్కన, నాన్న వెనక. మొదట ఇద్దరూ నా మీద పడ్డారు, ఒకరు గేరు మార్చమంటే ఒకరు వద్దంటూ. ఊరు దాటాక తాతయ్య మాట వచ్చింది. వానలో ఆగిపోయిన ఎవరిదో పాత కారుని ముగ్గురూ ఎలా తోసుకొచ్చారో, ఆయన బురదలో జారిపడి ఇంజిన్నే ఎలా తిట్టాడో అత్తయ్య చెప్తుంటే, "అది కాదే, పడింది నువ్వు" అని నాన్న వెనకనుంచి ముందుకి వంగాడు. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుకుంటున్నారు.

ఇంజిను బాగా కాగింది. ఆగలేదు. రోడ్డు రెండుగా చీలే చోటు వచ్చింది. ఎటు తిరగాలో ఎవరూ చెప్పలేదు. నేనే గేరు మార్చి, నాకు తోచిన వైపు పోనిచ్చాను.